రెండు గడియారములు గల హోటలు మేనేజరు గారికి బహిరంగ లేఖ

శ్రీయుత మేనేజరు మహాశయుల సన్నిధికి,

ఉంగుజా ద్వీపపు తూర్పుగట్టున, జాంబియానీ గ్రామమున, కొబ్బరాకు కప్పిన తమ విశ్రాంతిగృహమునందు, సముద్రమునకు ఎదురుగా నున్న కొసగదిలో, కుడి అరికాలికి పచ్చి బొప్పాయిపాలు పూయించుకొని, ఆ కాలిని కుర్చీమీద చాచి, ఉన్నచోటినుండి కదలలేక కూర్చుండియున్న బందరు వాస్తవ్యుడొకడు వ్రాసికొను విన్నపము. జాబును తమ చేతికే ఈయవచ్చును గదా, బహిరంగపరచుట యేల యని తమరు శంకింపవచ్చును. చేతికిచ్చిన విన్నపములను తమరు చిరునవ్వుతో అందుకొని, చిరునవ్వుతోనే మేజాసొరుగున పడవేయుటను నేను చూచియున్నాను.

తమ మర్యాదయందు లోపమేమియు లేదని మొదటనే ఒప్పుకొనుచున్నాను. ప్రతి ఉదయమును నన్ను చూడగానే తమరు ‘షికమో’ యని తలవంచుదురు. దారెస్సలాములో ఉద్యోగము చేయుచున్న మా అల్లుడు నేర్పిపంపిన ప్రకారము నేను ‘మరహబా’ యని దీవించినట్లు పలుకుదును. నెరసిన తలకు ఇంత మన్నన మా ఊర ఏ కచేరీలోను దొరికినట్లు జ్ఞాపకము లేదు. ఈ మన్ననకు లొంగియే, కుళాయిలో వచ్చు నీరు ఉప్పగా నున్నను, దోమతెర చిల్లిని ముడివేసికొని పండుకొనవలసివచ్చినను, రాత్రివేళ కరెంటు పోయినప్పుడెల్ల పంకా తన చివరి చుట్టు తిరిగి నిలిచిపోవుటను చీకటిలో వినుచు పడియుండవలసివచ్చినను, పరదేశమున అతిథికి ఉండదగిన ఓరిమితో ఇంతవరకు నోరు విప్పక యుంటిని. కాని నేటి ఉదయము జరిగినదానికి ఓరిమి యేమి చేయగలదు? ఏమయ్యా, భోజనశాల గోడకు వ్రేలాడే ఆ నల్లబల్లమీద సుద్దముక్కతో 10 అని వ్రాసింది ఎవరు? మీరు కాదూ?

క్షమింపుడు, క్రమముగా చెప్పెదను. నేడు కార్తిక పూర్ణిమ. మా సీమవారికి ఈ దినమున సముద్రస్నానమెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే మంగినపూడి దారి పొడవునను బండ్లును, బస్సులును, కాలినడకను పిల్లాపాపలతో పోవు జనమును క్రిక్కిరిసియుందురు. సముద్రమును ఎప్పుడుబడిన అప్పుడు తాకరాదనియు, పర్వదినములందు మాత్రమే అది స్నానయోగ్యమనియు పెద్దలు విధించినారు గనుక, ఈ దినమునకై మేము ఏడాది పొడవునను ఎదురుచూతుము. ఈ యేడు కూతురింట చిక్కుకొంటిని గదా, పర్వము తప్పిపోవునే యని నేను విచారించుచుండగా, మా అమ్మాయి, ‘మంగినపూడిలో ఉన్నవీ ఇక్కడున్నవీ అవే నీళ్ళు నాన్నా, గట్టు మాత్రమే వేరు’ అని ధైర్యము చెప్పి, ఓడ టిక్కెట్టు కొని, స్టోన్ టౌను మీదుగా నన్నిక్కడికి పంపినది. ఇన్ని గృహములుండగా తమదానినే ఎన్నుకొనుటకు కారణమొక్కటే: గది గుమ్మమునుండి సముద్రము పది అడుగులని తమరు చేసికొన్న ప్రకటన. ఆ మాట అబద్ధమని నేననను. దినమున ఏదో యొక వేళ అది నిజమే.

నిన్న సాయంత్రము ఆ నల్లబల్లను కన్నులద్దాలు తుడుచుకొని మరీ చదివితిని. పైకి చూచు బాణపుగుర్తు ప్రక్కన 10; క్రిందికి చూచు బాణపుగుర్తు ప్రక్కన 4. పోటు పదింటికి, పాటు నాలుగింటికి. ఇందులో తెలియకుండుటకేమున్నది? తెల్లవారుజామున నాలుగింటికి నీరు తీసియుండును గనుక అరుణోదయస్నానము నాకు ప్రాప్తము లేదని నిట్టూర్చి, పదింటివరకు కాఫీ సహా ఏమియు ముట్టరాదని సంకల్పించుకొని, పండుకొంటిని. రాత్రి ఏ జామునో గోడక్రింద పెద్దచప్పుడు వినవచ్చి మెలకువ వచ్చినది. కరెంటు వచ్చి పంకా తిరుగుచున్నది గాబోలునని మరల కన్నుమూసితిని. అది పంకా కాదు. అది సముద్రము. పూర్ణిమాచంద్రుని వెన్నెలలో, అరుణోదయమునకు ముందు, పది అడుగులలో, నాకొరకు వచ్చి, గోడను తట్టి, నేను లేవకపోగా తిరిగిపోయినది.

పదింటికి పంచె బిగించి, తువాలు భుజమున వేసికొని, ఆవునేతిలో తడిపిన వత్తులును పసుపుకుంకుమలును చేతబట్టి, తీరపు గేటు దాటితిని. సముద్రము లేదు. కనుచూపుమేర తడి యిసుక. దానిమీద ప్రక్కకు ఒరిగి పడియున్న నాటుపడవలు. ఎక్కడో దూరమున పగడపుదిబ్బమీద అలలు విరుగు తెల్లనిగీత. పిలిచినను వినబడనంత దూరమున నున్న ఆ గీతయే సముద్రమని నమ్మి నడచితిని. నడచినకొలదియు కాలిక్రింద చీలమండలోతు గుంటలు, నక్షత్రాకారపు చేపలు, తరువాత వరుసలు వరుసలుగా పాతిన కర్రలు, కర్రనుండి కర్రకు లాగికట్టిన త్రాళ్ళు, త్రాళ్ళకు వ్రేలాడు సముద్రపు నాచుగుత్తులు. రంగురంగుల కాంగాలు చుట్టుకొన్న స్త్రీలు నీళ్ళలో చతికిలబడి ఆ నాచును త్రెంచి గోతాములకెత్తుచున్నారు. 1989 ప్రాంతమున ఈ జాంబియానీ, పాజే తీరములందే మొదలైనదట ఈ సేద్యము; ఇచ్చట ఎండబెట్టిన నాచు ఓడలెక్కి పోయి, చిక్కదనమునకై టూత్‌పేస్టులోను ఐస్‌క్రీములోను చేరునట. పూర్ణిమకును అమావాస్యకును నీరు మిక్కిలి దూరము తీయు ఆ నాలుగుదినములే వారికి పొలము చేతికి వచ్చు దినములు. వారికి బల్ల యక్కరలేదు. నన్నును, నా తువాలును, నా వత్తులను చూచి వారు నవ్విన నవ్వు ఆ బయలంతయు మ్రోగినది. నేను మాత్రము నీరు మోకాలిదాకనైనను రాకపోవునా యని ఇంకను ముందుకు పోయితిని. పోయి, నల్లని ముళ్ళబంతి వంటి జలచరమొకదానిపై కాలుమోపితిని. సంకల్పము చెప్పవలసిన నోటితో ఏమేమి చెప్పితినో భాష తెలియని ఆ తల్లులకు అర్థము కాకపోవుట నా పుణ్యము. వారిలో నొకామె నన్ను కూర్చుండబెట్టి, తన కుమారుని తోడిచ్చి గట్టునకు పంపినది.

అప్పుడు తమరేమనిరి? ఒక్కొక్క ముల్లును నిదానముగా తీయుచు, బొప్పాయిపాలు పూయుచు (ఆ వైద్యము మాత్రము దివ్యముగా పనిచేసినదని ఒప్పుకొనుట ధర్మము), ‘కంగారు పడకండి, సముద్రము పదింటికి వచ్చును’ అనిరి. పదిన్నర దాటినదయ్యా అంటిని. ‘ఇప్పుడు నాలుగున్నర’ అనిరి! ఎండ నడినెత్తికి వచ్చుచున్నది, కడుపులో కాఫీ లేదు, కాలిలో పన్నెండు ముళ్ళున్నవో ఇరువదియున్నవో తెలియదు, ఈయన నాలుగున్నర అంటాడు! సాయంత్రము నా గడియారమున నాలుగు కొట్టుసరికి సముద్రము నురుగులు గక్కుచు గోడను తాకగా, తమరు వాకిట నిలువబడి, ‘చూచితిరా, సరిగా పదింటికి వచ్చినది’ అని నా వంక సంతోషముతో చూచిన చూపు నేను మరణపర్యంతము మరువను. తడుపరాని కాలితో నేను కిటికీలోనుండి చూచుచుంటిని.

తమ కాలగణనతో నాకు వైరము లేదు. సూర్యోదయమున తమ దినము మొదలగును; మా ఏడు తమకు ఒకటి, మా పది తమకు నాలుగు. భూమధ్యరేఖకు 6 డిగ్రీల దూరమున నున్న ఈ ద్వీపమున ఏడాది పొడవునను సూర్యుడు ఇంచుమించు ఒకే వేళకు లేచును గనుక ఆ లెక్క తమకు చక్కగా సాగును. అసలు సూర్యోదయాది గణన మాకు క్రొత్తయా? మా పంచాంగములో తిథి ఇన్ని ఘడియలని యుండుట ఉదయమునుండి లెక్కించియే గదా. దినమునకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషములు. పోటు దినదినమును ఇంచుమించు 50 నిమిషములు వెనుకబడును, అనగా తిథికి రెండు ఘడియలు. ఈ లెక్క మా తీరపు బెస్తలకు వ్రేళ్ళమీద నుండును. తమరు ఆ బల్లమీద 25 ఘడియలని వ్రాసియున్నచో నేను క్షణములో గ్రహించి, చేయవలసిన వేళకు చేయవలసినది చేసియుందును. అట్లుగాక, తెల్లవారి అంకెను తెచ్చి, దానిలో తమ కాలమును పోసి, ఏ గుర్తును లేకుండ గోడకు వ్రేలాడదీసినారు.

అదియైనను ఒక క్రమముగా చేసినారా? ఆ బల్ల ప్రక్కనే, అదే గోడమీద, ఉపాహారము 7 మొదలు 10 వరకని అచ్చుకాగితము. అది మా గడియారము! మొన్న పదింటికి నాలుగు నిమిషములు దాటినంతనే మాండాజీల పళ్ళెమును నా యెదుటనుండియే తీసికొనిపోయినారు గదా. అప్పుడు తమ నాలుగు ఎక్కడికి పోయినది? తిండికొక గడియారము, సముద్రమునకొక గడియారము. పోటుకూ పాటుకూ నడుమ ఆరు గంటలు. మీ గడియారానికీ మా గడియారానికీ నడుమ ఆరు గంటలు! కనుక తమ బల్లను నమ్మిన పరదేశి యెవడైనను, ఏ దినమున నమ్మినను, సరిగా సముద్రము లేని వేళకే సముద్రమునకు పోవును. గంటయో రెండు గంటలో తేడా యున్నచో నడుములోతు నీరైనను దక్కెడిది. మా బందరు తీరమున పోటుపాట్లకు నడుమ తేడా మనిషి నిలువైనను ఉండదు. అచ్చట ఏ వేళకు పోయినను కాళ్ళు తడియును. పూర్ణిమకు దాదాపు 4 మీటర్లు లేచిపడు ఈ సముద్రముతోనా ఈ పరిహాసము!

కోపము వచ్చినది గనుక మిగిలినవియు చెప్పివేయుదును. కాకులు. నా రొట్టెముక్కను కాకి తన్నుకొనిపోయినదని ఫిర్యాదు చేయగా, ‘అవి మీ దేశపు కాకులేనండీ’ అని తమరు సెలవిచ్చితిరి. నిజమే, పట్టణములోని చెత్తను తినిపెట్టునని పందొమ్మిదవ శతాబ్దాంతమున వాటిని మా దేశమునుండి ఇచ్చటికి తెప్పించినారు. తెప్పించినది నేనా? మా ఊర పిండము పెట్టి, కొబ్బరితోట పొడవునను వెంటబడి గంటలకొలది బ్రతిమాలినను ముట్టని కాకి, ఇచ్చట పిలువకయే వచ్చి పళ్ళెములో కూర్చుండుట ఏ శిక్షణ ఫలమో! ఇక కాఫీ. కిలిమంజారో వాలుల పండు కాఫీగింజను లోకమంతయు మెచ్చి కొనుచుండగా, ఆ దేశమునందే కూర్చుండి నేను డబ్బాలోని పొడిని వేడినీళ్ళలో కలుపుకొనవలెనా? ఆ నీళ్ళును ఉప్పనే. చివరకు స్నానమునకు ఆ కుళాయినీరే గతియైనది. పగడపురాతి సందులగుండ సముద్రమే గదా ఈ నూతిలోనికి ఊరుచున్నది, ఇదియు సముద్రోదకమే యని మనస్సునకు సర్దిచెప్పుకొని, కుడికాలు గుమ్మము బయట పెట్టుకొని, రెండు చెంబులు పోసికొంటిని. దీనిని పర్వస్నానముగా పైవారు జమకట్టుదురో లేదో.

అయ్యా, నా వయస్సు చూచి యొక్క మాట వినుడు. పర్వము పోయినది, నెల మిగిలియున్నది. రేపు కృష్ణ పాడ్యమి. నా లెక్క ప్రకారము తెల్లవారుజామున ఇంచుమించు అయిదింటికి, మా అయిదింటికి, పోటు నిండుగా నుండును. పర్వము కాని దినమున సముద్రమును తాకిన దోషమునకు ప్రాయశ్చిత్తము నేను చూచుకొందును. తమ కాపలావాడు రాత్రి తీరపు గేటుకు తాళము వేసి, తాళపుచెవిని నడుమున దోపుకొని, లేపినను లేవనంత గాఢముగా నిద్రించును. ఆ తాళమును ఈ యొక్క రాత్రికి వేయింపకుడు. మెట్లమీద నిలిచి, ఎడమకాలు దింపి, మూడు చెంబులు తలమీద పోసికొని వచ్చెదను. అంతకుమించి యేమియు కోరను. దయచేసి. చేతనైనచో ఆ బల్లమీద ప్రతి అంకె ప్రక్కనను రెండవ గడియారపు అంకెనుగూడ వ్రాయింపుడు. సుద్దముక్క ఖర్చు నా బిల్లులో కలుపుకొనవచ్చును.

బిల్లనగా జ్ఞాపకము వచ్చినది. రేపటి దినము గదిని 10 గంటలకు ఖాళీ చేయవలెనని తలుపువెనుక కాగితము అంటించియున్నారు. ఏ గడియారపు పదియో అందు వ్రాసిలేదు. నేను సముద్రపు పదిని అనుసరించుటకు నిశ్చయించుకొంటిని. సాయంత్రము నాలుగింటికి పెట్టెలు దింపించుటకు మనిషిని పంపగలరు. అదనపు అద్దె మాట యెత్తినచో, ఆ నల్లబల్లను సాక్ష్యమునకు పిలిపింతును.

ఇట్లు,
తమ కొసగది అతిథి