నిద్రెలా పడుతోందని అడిగితే

మన వైపు మగవాళ్లలో గురక గురించి నిజం చెప్పేవాణ్ణి నేను చూళ్లేదు. నేనూ చెప్పలేదు. పైగా గురక వస్తోందంటే ఒళ్లెరగని నిద్రని, ఒళ్లెరగని నిద్రంటే దిట్టమైన ఆరోగ్యమని నమ్మాను. గుండె లయ తప్పిందని కాగితం చేతికొచ్చాక కూడా ఆ నమ్మకాన్ని వదల్లేదు. నా తెలివితక్కువతనమంతా అక్కడుంది. మీ దగ్గర దాపరికమెందుకు, చెప్పేస్తాను.

బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల వ్యాపారం నాది. రాత్రి పదింటికి షట్టర్ దించి, పదకొండింటికి ముద్దపప్పు, ఆవకాయ, వేపుడు, గడ్డపెరుగు కడుపునిండా తిని, అట్నుంచటే మంచమెక్కేవాణ్ణి. మా బజారులో చాలామంది బతుకు ఇంతే. ఓ సాయంత్రం గోడౌన్ మెట్లెక్కుతుంటే దడ మొదలైంది. గ్యాసన్నాను. గ్యాసనని వాడు మనలో ఎవడున్నాడు గనక! సోడా తాగాను, వాము నమిలాను. తెల్లారినా తగ్గకపోతే మా ఆవిడ సూర్యారావుపేటలో గుండె డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఈసీజీ తీసి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు.

గుండె పైగదులు సవ్యంగా ముడుచుకోవడం మానేసి, నిమిషానికి 350కి పైగా విద్యుత్ తాకిళ్లతో వణికిపోతుంటాయట. అవన్నీ కింది గదులకు చేరితే మనిషి నిలవడు. మధ్యలో ఓ చిన్న కణుపు ఉంది. బందరు కాలవ మీద లాకు నీళ్లను నిలేసి కొంచెం కొంచెం వదిలినట్టు, ఆ తాకిళ్లలో కొన్నింటినే అది కిందికి వదుల్తుంది. ఆ వదలడానికీ ఓ వరసుండదు, అందుకే నాడి ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంది. పైగదుల్లో రక్తం నిలవుండి గడ్డకడితే, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు సుమారు 5 రెట్లని, అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరి జనాన్ని దశాబ్దాల తరబడి గమనించిన వైద్యులు 1991లో తేల్చారు. నాకు రక్తం పల్చబడే మాత్ర రాసింది అందుకే.

మాత్రలు రాస్తూ ఆ డాక్టరమ్మ, మా అమ్మాయి ఈడుంటుంది, "నిద్రెలా పడుతోందండీ? గురకొస్తుందా?" అని అడిగింది.

"భేషుగ్గా పడుతుందమ్మా. గురకా గిరకా ఏం లేవు" అన్నాను.

మా ఆవిడ నోరు తెరవబోతే బల్ల కింద మోకాలితో తట్టాను. కూతురి వయసు పిల్ల ముందు గురక పెడతానని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. షుగరు చెబుతాం, మొలలు చెబుతాం, అప్పులు సైతం చెప్పుకుంటాం. గురక దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని పరువూ గుర్తొస్తుంది.

ఆ తర్వాత రాత్రిళ్లు నరకమే. ఉన్నట్టుండి మెలకువ, ఒళ్లంతా చెమట, ఒకటే దడ. ఎడమవైపు ఒత్తిగిలితే దడ మరీ ఎక్కువగా తెలిసేది. అటు తిరిగితే గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుందని తర్వాత చెప్పారు. మాటిమాటికీ బాత్‌రూముకు లేవడం, పొద్దున్నే తలనొప్పి, మధ్యాహ్నం గల్లాపెట్టె ముందే కునుకు. ఇన్ని ఆనవాళ్లు కళ్లెదుట పెట్టుకుని, నేను తప్పు మోపింది ఎండల మీద. రోహిణీకార్తెలో బెజవాడలో ఎవరికి నిద్ర పడుతుందిలే అనుకున్నాను. బావమరిది దగ్గర మిగిలిన నిద్రమాత్ర అడిగి వేసుకున్నాను. ఇంకో రాత్రి పెగ్గు వేశాను. రెండూ గొంతు కండరాలను వదులు చేసి ఊపిరి దారిని ఇంకా మూసేవే. అందులో మందు తిన్నగా గుండెనే పట్టుకుంటుంది. సెలవురోజుల్లో పట్టుగా తాగి లయ తప్పి ఆసుపత్రికొచ్చే వాళ్లను చూసి, అమెరికా డాక్టర్లు 1978లోనే హాలిడే హార్ట్ అని పేరు పెట్టారు. ఇది చాలక మా వాడు డల్లాస్ నుంచి పంపిన వాచీ ఒకటి. అర్ధరాత్రి లేచి నాడి అంకె చూడటం, అది పెరిగిందని భయపడటం, భయానికి అది ఇంకా పెరగడం.

గుడివాడ దగ్గర మా మరదలి కూతురి పెళ్లిలో గుట్టు బయటపడింది. ఉక్కకు తాళలేక డాబా మీద వరసగా పక్కలేశారు, మావాళ్లు, వియ్యాలవారు, అందరూ. నా గురక ఊరంతా వినపడిందట. వినపడి, వినపడి, ఉన్నట్టుండి ఆగిందట. మా ఆవిడ లేచి "ఏమండీ, ఏమండీ!" అని కుదిపింది, ఊపిరి లేదు, కేక పెట్టింది, మరదలు ఏడుపందుకుంది, ఒకరు అరికాళ్లు రుద్దారు, ఒకరు కారు తాళాలకు పరిగెత్తారు, పెళ్లికొడుకు తండ్రి బిందెడు నీళ్లు నా మొహాన కుమ్మరించాడు. ఉలిక్కిపడి లేచి "ఎవరికేమైంది?" అన్నాను. పెళ్లివారంతా నన్నే చూస్తున్నారు. ఏ పరువు కోసం డాక్టరు దగ్గర అబద్ధమాడానో, అది రెండు కుటుంబాల ఎదుట తడిసి ముద్దయింది.

ఈసారి డాక్టరు దగ్గర మా ఆవిడే మాట్లాడింది. వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి పట్టీ పెట్టి ఇంట్లోనే నిద్ర పరీక్ష చేశారు. 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగడాలు, సన్నబడటాలు లెక్కపెడతారు. గంటకు 5 లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం. నాది 30 దాటింది. స్లీప్ ఆప్నియా అన్నారు.

గొంతు మూసుకుపోయినా ఛాతీ గాలికోసం గుంజుతూనే ఉంటుంది. ఆ లాగుడుకు పల్చటి పైగదుల గోడలు సాగుతాయి. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, శరీరం హడలిపోయి అడ్రినలిన్ వదుల్తుంది, బీపీ లేస్తుంది. రాత్రికి వందలసార్లు, ఏళ్ల తరబడి ఇదే జరిగితే గుండె లయ నిలబడుతుందా? ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఈ జబ్బుంటుందని మేయో క్లినిక్ వైద్యులు 2004లో చెప్పారు. షాకిచ్చి లయ సరిచేశాక, ఆప్నియాకు వైద్యం తీసుకోనివాళ్లలో ఏడాదిలోపు 82 శాతం మందికి దడ తిరగబెట్టిందని, తీసుకున్నవాళ్లలో అది 42 శాతమేనని 2003లో వాళ్లే చూపించారు. తర్వాత జరిగిన చిన్న పరీక్షల్లో అంత తేడా కనిపించలేదన్నదీ నిజమే. బరువు సంగతి మాత్రం గట్టిది. ఒంటి బరువులో పదో వంతు తగ్గించి నిలబెట్టుకున్నవాళ్లు దడ లేకుండా ఉండే అవకాశం 6 రెట్లని 2015లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వైద్యులు తేల్చారు. నా పదకొండింటి భోజనం ఎనిమిదింటికి జరిగింది ఆ సంగతి తెలిశాకే.

ఇప్పుడు ముక్కుకు సీప్యాప్ మాస్క్ తగిలించుకుని పడుకుంటున్నాను. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు లోకానికి చెప్పిన పద్ధతి ఇది. గాలి ఒత్తిడితో గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. మొదట్లో చుట్టాలొస్తే మంచం కింద దాచేవాణ్ణి. ఇప్పుడు దాచడం లేదు. మెలకువలు తగ్గాయి, పొద్దుటి తలనొప్పి పోయింది. దడ పూర్తిగా పోలేదు, రక్తం పల్చబడే మాత్ర ఒక్కపూట మానలేదు, మీరూ సొంతంగా మానకండి.

మీకు గుండె లయ తప్పే జబ్బుంటే ఈసారి డాక్టరు దగ్గరికి మీ పక్కన పడుకునే మనిషిని వెంట తీసుకెళ్లండి. మీ గురక సంగతి మీకు తెలీదు, ఆవిడకు తెలుసు. ఆవిణ్ణి మాట్లాడనివ్వండి.