పీడీ పిన్ని

పెళ్ళి భోజనాల్లో మా పిన్ని పక్కన కూర్చోకూడదు. ఆవిడ చూపు విస్తట్లో ఉండదు, వడ్డించే ఆడపిల్లల కాళ్ళమీద ఉంటుంది. "ఒరేయ్, ఆ ఎర్ర పరికిణీ పిల్లని చూశావా? సాంబారు బకెట్టు ఎదురొస్తే ఎడం కాలిమీద గిర్రున తిరిగి ఎలా తప్పుకుందో! ఎవరమ్మాయో కనుక్కురా" అంటుంది. విస్తరి ముందునుంచి లేవకూడదన్న మర్యాద ఆవిడ దగ్గర చెల్లదు. నేను అప్పడం సగంలో వదిలేసి వెళ్ళి ఆ పిల్లది ఏ ఊరో, ఇంటరయిందో లేదో, డిగ్రీ ఎక్కడ చేరుతుందో కూపీ లాగాలి. తల్లి నన్ను ఎగాదిగా చూస్తుంది. జుట్టు సగం నెరిసినవాడు ఇలాంటి ఆరాలు తీస్తే ఎవరు మాత్రం చూడరు! నేను తిరిగొచ్చేసరికి పిన్ని పెరుగన్నం దాకా వచ్చేసి ఉంటుంది. "వచ్చావా? వెయిటెంతో అడిగావా?"

ఆవిడ తణుకులో ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టరు, అంటే పీడీ. ఈ బాపతు మనుషులు మీకు తెలియనివాళ్ళేం కాదు, ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు. పట్టుచీర కింద స్పోర్ట్స్ షూ, నల్లపూసల పక్కన విజిలు, హ్యాండ్‌బ్యాగులో కుంకుమ భరిణె, స్టాప్‌వాచీ, క్రేప్ బ్యాండేజీ. ఒకప్పుడు ఆంధ్రా యూనివర్సిటీకి కబడ్డీ ఆడినప్పటి బ్లేజరు బీరువాలో కలరా ఉండల మధ్య ఉంటుంది. ఏటా ఆగస్టు 29న, ధ్యాన్‌చంద్ పుట్టినరోజున, జాతీయ క్రీడా దినోత్సవమని దాన్ని బయటికి తీసి తొడుక్కుంటుంది. ఆగస్టులో తణుకు ఉక్క ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చెమటలు ధారలు కట్టినా విప్పదు. అదే నెలలో వచ్చే తన పెళ్ళిరోజు మాత్రం బాబాయి గుర్తుచేస్తేగానీ గుర్తుండదు.

మా ఊళ్ళో సీజనంటే ఒకప్పుడు చెరకు క్రషింగే. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు ఆంధ్రా షుగర్స్ పెట్టాక ఊరంతా ఆ లెక్కనే బతికింది. పిన్ని లెక్క వేరు. డిగ్రీ అడ్మిషన్ల క్యూ మొదలైన రోజున ఆవిడ సీజను మొదలవుతుంది. ఎవరూ పిలవకుండానే ఆఫీసు గది బయట ఒక బల్ల వేసుకుని, పక్కన బరువు తూచే మిషను పెట్టుకుని కూర్చుంటుంది. సీనియర్ మహిళల కబడ్డీలో 75 కిలోలు దాటకూడదు. మన డెల్టా పిల్లలకి ఆ బెంగ లేదు. నలభై రెండు, నలభై నాలుగు దగ్గర ముల్లు ఆగిపోతుంది. "ఏం తింటావే నువ్వు? గాలా?" అని పిన్ని కసురుతుంది. "లేదండి, మ్యాగీ అండి" అంటారు.

పిల్లల పేర్లు ఆవిడకి గుర్తుండవు. ఊరి పేరుతోనే పిలుస్తుంది. "ఏయ్ దువ్వా! కార్నర్ వదిలేశావేంటి? మండపాకా, చెయ్యి పట్టుకో! రేలంగీ, నువ్వు రైడుకి వెళ్తున్నావా, అత్తారింటికి వెళ్తున్నావా?" ఆ దారినపోయే కొత్తవాళ్ళకి ఊళ్ళన్నీ ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయేమో అనిపిస్తుంది.

కోర్టులో దిగేది ఏడుగురే అయినా జట్టుకి పన్నెండుమంది కావాలి. ఆ పన్నెండుమందినీ ఒకే సమయంలో కాలేజీలో ఉంచడం పిన్ని జీవిత సమస్య. పదకొండో అమ్మాయి దొరికేసరికి మొదటి అమ్మాయికి సంబంధం కుదురుతుంది. అందుకే ఆవిడ గదిలో కబడ్డీ రూల్సు పుస్తకం పక్కనే పంచాంగం ఉంటుంది. ఆషాఢం క్షేమం. శ్రావణం గండం. భాద్రపదం మళ్ళీ క్షేమం. శుక్ర మూఢం వచ్చిందంటే ఊళ్ళో పురోహితులూ బ్యాండు మేళంవాళ్ళూ దిగాలుగా ఉంటారు, పిన్ని మాత్రం పాయసం వండుతుంది. ఇంటర్ కాలేజియేట్ పోటీలు మూఢంలో పడితే ఆ ఏడాది కప్పు మాదేనని ఆవిడ ధీమా.

ఒకసారి వేల్పూరులో ఒక రైడరు తల్లిని ఒప్పించడానికి వెళ్తూ నా స్కూటరుతోపాటు నన్నూ తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ అరుగుమీద కూర్చుని బెండకాయలు తరుగుతోంది.

"అదేంటండి మేడమ్ గారూ, పిల్లకి సంబంధాలు చూస్తన్నావండి. కాలో చెయ్యో ఇరిగితే ఎవరు చేసుకుంటారండి?"

"మీ పిల్ల కాలు విరగదండీ. ఎదుటి జట్టు పిల్లలవే విరుగుతాయి."

"అయ్యో, ఆళ్ళూ ఆడపిల్లలే కదండి!"

ఈ పాయింటు పిన్నికి తట్టలేదు. వెంటనే రూటు మార్చింది. "శ్రీకాకుళం జిల్లా నుంచి కరణం మల్లీశ్వరి ఒలింపిక్స్‌కి వెళ్ళిందా లేదా? 2000లో సిడ్నీలో బరువులెత్తి పతకం తెచ్చిందా లేదా? వాళ్ళమ్మ కూడా మీలాగే అనుకుంటే ఏమయ్యేది?"

"ఆవిడికి పెళ్ళయ్యిందాండి?"

"పతకం తెచ్చేనాటికే అయిందండీ!"

కత్తిపీట ఆగింది. "ఆయ్, అలాగైతే పంపిత్తానండి" అంది ఆవిడ. ఒలింపిక్ పతకం కదల్చలేని మనిషిని మల్లీశ్వరి మంగళసూత్రం కదిల్చింది. దారి పొడుగునా పిన్ని నా వీపుమీద చరుస్తూనే ఉంది.

కోర్టు సంగతికొస్తే అది పూర్తిగా మా కుటుంబ ఆస్తి. మా ఒండ్రు నేల తడిస్తే పాదాలని వదలదు, ఎండితే ఇటుక. దానిమీద పిల్లలు పడితే మోకాళ్ళకి చర్మం మిగలదు. అందుకని ఏటా వానలు వెనకబట్టగానే పైమట్టి తవ్వించి, జల్లెడ పట్టించి, గోదారి ఇసక కలిపించి, పేడనీళ్ళు చల్లి చదును చెయ్యాలి. జల్లెడ మా మేనమామది, ఇసక మా అన్నయ్య ఇల్లు కట్టుకోడానికి తోలించుకున్నది. వాడు గోడ లేపేటప్పుడు కుప్ప తగ్గిందేమిట్రా అని మేస్త్రీని అనుమానించాడు. ఆ మేస్త్రీకి క్షమాపణ చెప్పాల్సింది ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు.

గీతలు వెయ్యడం మా పెద్దత్తయ్య వంతు. సంక్రాంతి ముగ్గుల్లో ఆవిణ్ణి మించినవాళ్ళు మా వీధిలో లేరు. ఆడవాళ్ళ కోర్టు పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు. మధ్యగీత నుంచి మూడు మీటర్లకి బాక్ లైను, అక్కణ్ణించి ఇంకో మీటరుకి బోనస్ లైను. తాడు పట్టుకుంటే చాలు, అత్తయ్య వేళ్ళలోంచి ముగ్గుపిండి వెంట్రుకవాసి తేడా లేకుండా జారుతుంది. చిక్కల్లా ఆవిడ అంతటితో ఆగకపోవడమే. ఒంటి గీత అశుభమని పక్కన ఇంకో గీత లాగింది. నాలుగు మూలలా నాలుగు తామరపువ్వులు వేసింది. మొదటిరోజు ప్రాక్టీసులో బయటికెళ్ళినట్టా వెళ్ళనట్టా అని రేలంగికీ దువ్వకీ పెద్ద గొడవ. "పువ్వు దాటితే అవుట్!" అని పిన్ని తీర్పు చెప్పింది. పిల్లలు ఇప్పటికీ లాబీలో కాలు పడితే "పువ్వు తొక్కింది మేడమ్" అంటారు.

ఇంతా చేసి మట్టి మీద నేర్చుకుని పోటీలో మ్యాటుమీద ఆడాలి. మట్టిమీద ఉత్త పాదం పట్టినట్టు మ్యాటుమీద బూటు పట్టదు. పిల్లలు మొదటి అయిదు నిమిషాలు జారడంలోనే పోగొట్టుకుంటారు. మ్యాటు కొనమంటే ఏ కాలేజీలోనైనా వినిపించే జవాబే వినిపించింది. పిన్ని ఊరుకుంటుందా? శామియానా కొట్టువాడి దగ్గర పెళ్ళి తివాచీలు తెప్పించి పరిపించింది. మండపాక అమ్మాయి యాంకిల్ హోల్డుకి దూకింది. రైడరు కాలు దొరకలేదు గానీ తివాచీ అంచు దొరికింది. లాగేసరికి రెండు జట్లూ, రిఫరీగా నిలబడ్డ నేనూ ఏకంగా కింద ఉన్నాం.

పిన్నికి దేవుళ్ళు ఎక్కువమంది లేరు. ఒకరున్నారు, ఆవిడ నాసిక్‌లో ఉంటుంది. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మన ఆడవాళ్ళు ఇరాన్ చేతిలో 27–24తో ఓడిపోయారు. 2010లో గ్వాంగ్‌జౌలో మహిళల కబడ్డీ మొదలైన దగ్గర్నుంచి స్వర్ణం మనదే, ఆ రోజు పోయింది. పిన్ని టీవీ కట్టేసి ముసుగుతన్ని పడుకుంది. తర్వాత తెలిసింది, ఆ ఇరాన్ అమ్మాయిలకి కోచ్ మన శైలజా జైన్ అని, మహారాష్ట్ర మనిషేనని, వాళ్ళకి నేర్పడంకోసం ఫార్సీ నేర్చుకుందని. పిన్ని ముసుగు తీసి లేచి కూర్చుంది. "ఓడింది మనమే, గెలిచిందీ మనమే. ఏడవాలంటావా, లడ్డూలు పంచాలంటావా?" అని బాబాయిని అడిగింది. ఆయన ఏదన్నా తప్పేనని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. 2023లో హాంగ్‌జౌలో చైనీస్ తైపీ మీద 26–25తో స్వర్ణం మళ్ళీ మనకొచ్చాక ఆ లడ్డూలు వచ్చాయి. ఆ ఒక్క పాయింటు తేడా చూసినప్పటినుంచి బోనస్ వదిలేసిన పిల్లకి పిన్ని అరటిపండు కూడా వదిలించేస్తోంది.

ఆ ఏడాది అక్టోబరులోనే ఇంకో ఉపద్రవం వచ్చింది. ముంబైలో ఒలింపిక్ కమిటీ సమావేశమై 2028 లాస్ ఏంజిలెస్ పోటీల్లోకి అయిదు ఆటల్ని చేర్చింది. దేశమంతా క్రికెట్ వచ్చిందని గంతులేస్తుంటే మా పిన్ని కన్ను అదే జాబితాలో ఉన్న లాక్రాస్ మీద పడింది. "ఒరేయ్, ఇది ఇండియాలో ఎవరాడతారు? ఎవరూ ఆడరు. అంటే?" నాకు తెలీలేదు. "అంటే తిన్నగా సెమీఫైనలే!" అంది. ఈ రహస్యం పీడీలందరికీ తెలుసు. జనం తక్కువున్న ఆటలో సర్టిఫికెట్టు తొందరగా వస్తుంది, స్పోర్ట్స్ కోటాలో దానికీ విలువే.

లాక్రాస్ అమెరికా ఆదివాసుల ఆట. కర్ర చివర చిన్న వల కట్టి ఉంటుంది. బంతిని చేత్తో ముట్టకుండా ఆ వలలోనే పట్టాలి, పడిపోకుండా ఊపుతూ పరిగెత్తాలి, వలతోనే విసరాలి. ఆడవాళ్ళు మొట్టమొదట 1890లో స్కాట్లాండులో సెయింట్ లెనార్డ్స్ అనే స్కూల్లో ఆడారు. లాస్ ఏంజిలెస్‌లో మైదానంలో దిగేది జట్టుకి ఆరుగురు చొప్పున. పన్నెండుమందిలో సగం చాలని పిన్ని లెక్క. ఆ ముక్క చదవగానే పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయని బాబాయి చెప్పాడు.

వెదురు కర్రలు కొట్టించింది, భీమవరం నుంచి వల ముక్కలు తెప్పించింది. రబ్బరు బంతి దొరక్క టెన్నిసు బంతి. పిల్లల్ని వరసలో నిలబెట్టి తలో కర్రా ఇచ్చింది. అత్తిలి దగ్గర చెరువుల పిల్ల ఒకతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, ఇది మా నాన్న చేపపిల్లల్ని ఎత్తే వలండి" అంది. పిన్ని విజిలు నోట్లోంచి జారింది. కానీ ఆ పిల్లే పరిగెత్తుతూ పరిగెత్తుతూ బంతిని వలలోకి లాగేసింది. చిన్నప్పట్నుంచీ చెరువు గట్టుమీద అదే పని మరి. ఆ కర్రలు ఇప్పుడు బాబాయి మామిడికాయలు కోయడానికి వాడుతున్నాడు. పిన్ని మాత్రం "2028కి ఇంకా టైముందిలే" అంటూనే ఉంటుంది.

ఆవిడ ఫోను గురించి కూడా చెప్పాలి. కబడ్డీలో రైడుకి ముప్పై సెకన్లు. పిన్ని ఫోను కూడా అంతే. నా చెల్లెలు అమెరికా నుంచి ఫోన్ చేసి కష్టాలు చెప్పుకోబోతే "డూ ఆర్ డై! అసలు సంగతి చెప్పు" అంది. అది అలిగింది. నేనే అనునయించాల్సి వచ్చింది. ఏమాటకామాటే, చెల్లెలి కష్టాలు ముప్పై సెకన్లలో తేలేవే.

ఇంత విసిగించే మనిషి టోర్నమెంటు రాత్రి రైల్లో పడుకోగా నేను చూళ్ళేదు. పన్నెండు బెర్తుల నిండా పిల్లలు నిద్రపోతుంటే, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని బోగీ తలుపు దగ్గర పెట్టెమీద కూర్చుంటుంది. విజిలు పళ్ళమధ్య ఉంటుంది. టీ అమ్మేవాడు కూడా గొంతు తగ్గించి అమ్ముకుంటాడు. తిరిగొచ్చాక ఆ జెర్సీలన్నీ చాకలికి వెయ్యకుండా తనే ఉతికి డాబామీద ఒకటి నుంచి పన్నెండు దాకా వరసలో ఆరేస్తుంది. ఒక ఏడాది ఏడో నంబరు కనబడలేదు. అది ఉండ్రాజవరం కోడలైన రైడరు పట్టుకుపోయిందని, ఇప్పుడు చంటాడి ఉయ్యాలలో పక్కగుడ్డగా ఉందని తెలిసింది. పిన్ని కొత్త జెర్సీ తన డబ్బుతో కొని, వాణ్ణి చూడ్డానికి వెళ్ళింది. ఉగ్గు గిన్నె చేతిలో పెట్టి, వాడి పిక్కలు నొక్కి చూసి "మగవెధవైపోయాడే" అని వచ్చేసింది.

ఈ జబ్బు అంటుకునే రకం. మొన్న నరేంద్ర సెంటర్లో ఒకావిడ రెండు ఆటోలకీ ఒక ఆర్టీసీ బస్సుకీ మధ్యనుంచి కూరల సంచీతో వొంగి దూరిపోయింది. "అబ్బ, ఏం రైడరండీ!" అన్నాను పైకే. పక్కన మా ఆవిడుంది. ఆ తర్వాత ఇంటిదాకా జరిగింది ఇక్కడ రాయడం అనవసరం.

ఈ ఏడు మా పెద్దది డిగ్రీలో చేరింది. అది పరుగెత్తితే గుమ్మాలు తగులుతాయి. పిన్ని దృష్టిలో పడదులే అనుకున్నాం. అడ్మిషన్ రోజున ఫీజు కట్టి బయటికొచ్చేసరికి మిషను మీద నిలబడి ఉంది. నలభై ఎనిమిది. "లెఫ్ట్ కవర్‌కి సరిపోతుంది. ఇంకో ఆరు కిలోలు పెట్టించాలి" అంది పిన్ని. మా ఆవిడ నావైపు చూసింది. నేను నోటీసు బోర్డువైపు చూశాను.

మా ఊరి చుట్టూ కోళ్ళ ఫారాలు కదా, చిట్లిన గుడ్లు చవగ్గా ఇస్తారు. పిన్ని జట్టు మొత్తం వాటిమీదే నడుస్తుంది. ఇప్పుడు వారానికి రెండట్టలు మా ఇంటికీ దింపుతున్నారు. డబ్బులు నా దగ్గరే తీసుకెళ్తున్నారు. జట్టు మొత్తానికి.