మాట్లాడకూడని కెప్టెన్, ఆపలేని బాబాయ్

చదరంగం జట్టు పోటీల్లో కెప్టెన్ ఉద్యోగం పగవాడిక్కూడా వద్దు. ఆట నడుస్తుండగా డ్రా అడుగు, ఇస్తే పుచ్చుకో, లేదంటే ఓటమి ఒప్పేసుకో అని చెప్పొచ్చు. అంతకుమించి, గుర్రం పోతోందమ్మా అని కనుసైగ చేసినా నేరమే. 2024లో మన ఆడవాళ్ల జట్టుకి కెప్టెన్‌గా ఉన్న అభిజిత్ కుంటే స్వయంగా గ్రాండ్‌మాస్టర్. అయినా నోరు కట్టేసుకోవాల్సిందే. మా బాబాయ్‌కి ఇలాంటి నిబంధనలేవీ లేవు.

2024 సెప్టెంబరు 22, ఆదివారం. బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో ఆఖరి రౌండు. మనమూ కజకిస్తానూ చెరి 17 పాయింట్లు. మనకి ఎదురు అజర్‌బైజాన్. మొదటి బల్ల దగ్గర గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక, అటువైపు గునాయ్ మమ్మద్‌జాదా. బాబాయ్ ఫోన్‌ని మంచినీళ్ల చెంబుకి ఆనించి బాసింపట్టు వేశాడు.

“ఇంకా ఎత్తు వెయ్యదేమిట్రా ఈ పిల్ల?”

“మొదటి 40 ఎత్తులకి 90 నిమిషాలుంటాయి బాబాయ్.”

“ఆ టైములో గుంటూరు నుంచి బెజవాడ వెళ్లి కాఫీ తాగొచ్చు!”

తెర పక్కన నలుపు తెలుపుల పట్టీ ఒకటి ఉంటుంది. ఎవరిది పైచేయో కంప్యూటరు లెక్కగట్టి అందులో చూపిస్తుంది. దాని పుణ్యమా అని, శకటు ఐమూలగా నడుస్తుందని తెలియనివాళ్లు కూడా తీర్పులిచ్చేస్తున్నారు. పట్టీ వేలెడు జారిందా, “అయ్యో, తప్పుటెత్తు!” అంటాడు బాబాయ్. మరి సరైనదేమిటని మాత్రం అడక్కూడదు. హారికకి గ్రాండ్‌మాస్టర్ హోదా 2011లోనే వచ్చిందంటే, “అందుకే చెబుతున్నా” అంటాడు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఎనిమిదో రౌండులో పోలండ్ మీద హారిక ఓడినప్పుడు, “ఈవిణ్ణి కూచోబెట్టాలి” అని తేల్చిందీ ఈయనే, పడక్కుర్చీలోంచి లేవకుండా. 2022లో మహాబలిపురం ఒలింపియాడ్‌లో నెలలు నిండుతున్న కడుపుతో ఆడి, జట్టుతోపాటు కాంస్యం అందుకున్న మనిషిని!

హారిక గెలిచింది. జట్టులోని దివ్య, వంతిక కూడా గెలిచారు. వైశాలి డ్రా చేసింది. అంటే 3.5–0.5. అటు కజకిస్తాన్, అమెరికాతో 2–2 దగ్గర ఆగిపోయింది. ఒలింపియాడ్‌లో మన ఆడవాళ్లకి మొట్టమొదటి స్వర్ణం. 2004 నుంచీ ఒలింపియాడ్‌లు ఆడుతున్న హారిక మెడలో ఇన్నాళ్లకి పడింది. పిన్ని స్వీటు తెచ్చి పెట్టింది.

బాబాయ్ ఒక ముక్క నోట్లో వేసుకుని తాపీగా అడిగాడు: “అంతా బాగానే ఉంది గానీ, ఆ అర పాయింటు ఎందుకు పోయినట్టురా?”