తల మీద 2, తలనొప్పి మనకు

గణాంక నివేదికలో పట్టిక హెడింగ్ పెట్టడమంటే పెళ్లికొడుకును ముస్తాబు చేయడమే. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) రాత పద్ధతిలో ‘పి’ ఇటాలిక్‌లో వాలాలి. ఆర్ స్క్వేర్‌లో ఆర్ వాలాలి, దాని నెత్తినెక్కిన 2 మాత్రం నిటారుగా ఉండాలి. కై స్క్వేర్ గ్రీకు దొర, అసలు వంగడు! ఎక్సెల్‌లో చేద్దామా? ఫార్ములా ఉన్న గడిలో ఒక్క అక్షరాన్నే వాల్చడం కుదరదు, వాలితే మొత్తం వాలాల్సిందే. ఇంత తంటాలుపడి ఉత్త టెక్స్ట్‌గా అతికిస్తే, హెడింగ్‌లో ఫార్మాటింగ్‌తో 6ను పైకెక్కించిన 10⁶ కాస్తా 106 అయి కూర్చుంటుంది. పది లక్షలు నూట ఆరుకు దిగాయి. ధరల్ని ఇంత వేగంగా ఏ సర్కారూ దించలేదు. హెడింగ్‌లో ‘పది లక్షల్లో’ అని రాస్తే గొడవే లేదు. చదివినవాడికి అర్థమైపోతుందని భయం కాబోలు! అయ్యా, అచ్చుకిచ్చే ముందు ఆ తలకాయ ఒక్కసారి చూడండి.