మునసబుగారి కత్తి

బెజవాడ మొగల్రాజపురంలో మా మావయ్యగారింటికి ఎవరు వెళ్లినా కాఫీకంటే ముందు కత్తి కథ వస్తుంది. అల్లుణ్ణి గనక నాకు నోటికొచ్చు.

మావయ్యగారి తాతగారు పెదనందిపాడు ఫిర్కాలో ఒక ఊరికి మునసబు. 1922లో పర్వతనేని వీరయ్య చౌదరిగారి వెనక ఆ ఫిర్కా అంతా నిలబడి, సర్కారుకి శిస్తు కట్టేది లేదంది. మునసబులూ కరణాలూ వరసగా రాజీనామాలు పారేశారు. గుంటూరు కలెక్టరు రూథర్‌ఫర్డ్ జప్తులకి దిగాడు. అలా జప్తుకొచ్చిన మిలిటరీ దొర ఒకడు గుర్రమ్మీంచి కత్తి దూస్తే, అప్పటికే రాజీనామా వాళ్ల మొహాన కొట్టేసిన తాతగారు దాన్ని ఒంటిచేత్తో లాక్కున్నారట. ఆ కత్తే ఇది. ఏటా పంద్రాగస్టుకి వీధి చివరి బడివాళ్లు జెండా ఎగరెయ్యడానికి మావయ్యగారిని పిలుస్తారు. ఆయన కత్తితో వెళ్తారు. అంత త్యాగం చేసిన ఇంట్లో, 1984లో ఎన్టీఆర్ వచ్చి తన తండ్రి మునసబీ పీకేశాడని కథ చివర ఓ నిట్టూర్పు కూడా ఉంటుంది.

మొన్న దసరాకి డల్లాస్ నుంచి మా బావమరిది దిగాడు. "ఎవరు చేసిన కత్తో తెలిస్తే విలువ తెలుస్తుంది నాన్నా" అన్నాడు. తెలియాలంటే పేరు కనబడాలిగా! ఆయుధపూజల పసుపూ, అమ్మవారి కుంకుమా ఏళ్ల తరబడి పేరుకుని, పిడి నుంచి జానెడు మేర రెండువైపులా ఎర్రటి పెచ్చు కట్టేసింది.

మిలిటరీ మాధవరం నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడ్డ రిటైర్డు సుబేదారుగారికి ఇలాంటివి చూడటం సరదా. పిలిపించాం. మా అత్తయ్యగారు అప్పటికే చింతపండు నానబెట్టి తెచ్చారు. ఆయన కంగారుపడిపోయి, "పులుపు తగిలితే ఉన్న రాత కూడా పోతుందమ్మా" అని కుట్టుమిషను నూనె అడిగారు. దూది ముంచి, పెచ్చు మీద అద్దుతూ కూర్చున్నారు. గంటకి కిరీటం బయటపడింది. దాని కింద అయిదో జార్జి అక్షరాలు. పిడికి ఆనుకుని సన్నగా: విల్కిన్సన్, పాల్‌మాల్, లండన్.

"గెడ్డం గీసుకునే బ్లేళ్ల విల్కిన్సనేనా?" అన్నాను.

"వాళ్లేనండీ. కత్తులు చెయ్యడం 2005లో మానేశారు. అయినా లండన్ పేరు చూసి సంబరపడకూడదు. జర్మనీలో సోలింగెన్ అనే ఊళ్లో చేయించి, మీద లండన్ దర్జీల పేర్లు చెక్కి అమ్మినవి బోలెడు" అని కత్తిని నిలువుగా తిప్పి, వీపు మీద గోరు పెట్టి చూపించారు. అయిదంకెల నంబరు. "ఇదీ అసలు సాక్ష్యం. అప్పట్లో ఆఫీసర్లు కత్తి సొంత డబ్బుతో కొనుక్కునేవాళ్లు. మేలురకం కత్తులకి కంపెనీ 1854 నుంచీ నంబరు వేసి, ఎవరికమ్మిందీ పద్దు రాసుకునేది."

మావయ్యగారు కుర్చీలోంచి లేచారు. "అంటే ఆ దొరగాడి పేరు కూడా దొరుకుతుందన్నమాట!"

"దొరకొచ్చు. ముందు రెండోవైపు కూడా చూద్దాం. ఆరు కోణాల నక్షత్రం, మధ్యలో ఇత్తడి బొట్టు ఉండాలి. కత్తిని వంచి, బాది, పరీక్ష నెగ్గాక వేసే గుర్తు."

రెండోవైపు పెచ్చు ఇంకా మందంగా ఉంది. మావయ్యగారు స్వయంగా దూది పట్టారు. నక్షత్రం ఉంది, బొట్టూ ఉంది. దాని పైన రెండు వరసల ఇంగ్లీషు రాత! బావమరిది ఉషారుగా పైకి చదవడం మొదలుపెట్టాడు. ముత్తాత పేరు రాగానే గొంతు పెంచాడు. ఆ తర్వాత ఒక్కో మాటకీ తగ్గించుకుంటూ వచ్చాడు.

తోటి ఉద్యోగులందరూ రాజీనామా చేసినా తాను చేయక, సర్కారు పక్షాన నిలిచి శిస్తు వసూలు చేసిపెట్టిన మునసబుగారికి మెప్పుగా బహూకరించడమైనది, 1922.

"ఎవరు చేశారో తేలింది కదండీ, వస్తాను" అని సుబేదారుగారు కాఫీ తాగకుండానే లేచారు.

మర్నాడు మావయ్యగారు వడ్రంగిని పిలిపించి, కత్తికి టేకు పెట్టె పురమాయించారు. "రెండువైపులా అద్దాలు వేస్తే బాగుంటుందండీ" అన్నాడతను.

"కంపెనీ పేరున్న వైపు వెయ్యి, చాలు. రెండోవైపు చెక్క కాస్త మందంగా ఉండనీ" అన్నారాయన.

ఈ పంద్రాగస్టుకీ బడివాళ్లు ఆయన్నే పిలిచారు. పెట్టెతో సహా వెళ్లొచ్చారు.