సీసం గుండుకి పౌడరెంత? తెలుసుకోకుండా నెట్టుకొచ్చే పద్ధతులు

టెక్సస్‌లోనో ఒహాయోలోనో స్థిరపడి, రైఫిలొకటి కొనుక్కుని, పేల్చిన తూటాల ఖాళీ కేసులు పారేయడానికి మనసొప్పక, గరాజులో సీసం కరిగించి గుండ్లు పోసుకునేదాకా వచ్చారంటే మీకిక మిగిలింది ఒక్కటే సందేహం: ఈ గుండు వెనక పౌడరెంత పోయాలి? మచిలీపట్నంలోనో కరీంనగర్‌లోనో కూర్చుని చదివేవాళ్లు మాత్రం కాలక్షేపానికే చదువుకోండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. చెడు సలహాలకీ ఒక హద్దుండాలి కదా.

మొట్టమొదటి సూత్రం, పుస్తకం కొనొద్దు. లైమన్ కంపెనీ వాళ్ల కాస్ట్ బులెట్ హ్యాండ్‌బుక్ అని ఒకటుంది, పోతగుండ్ల కోసమే వేసింది. నాలుగో ఎడిషన్ 2010లో వచ్చింది. ఏ అచ్చులో పోసిన గుండు, ఏ లోహమిశ్రమం, బరువెంత, ఎంత పొడుగు బ్యారెల్లో పేల్చారు, నిప్పు రాజేసే ప్రైమరు ఏది వాడారు, ఏ అంకె దగ్గర మొదలెట్టాలి, ఏ అంకె దగ్గర ఆగాలి, అన్నీ వరసగా ఉంటాయి. ఇన్ని సంజాయిషీలు ఇచ్చుకునేవాణ్ణి ఎలా నమ్మడం? పైగా డబ్బు దండగ. పోనీ పౌడరు కంపెనీలు ఉచితంగా ఇచ్చే పట్టికలు చూద్దామంటే, ఊరికే ఇచ్చేదానికి విలువేం ఉంటుంది?

కాబట్టి రేంజిలో పక్క బెంచీ పెద్దాయన్ని అడగండి. "నలభై ఏళ్లుగా ఇంతే పోస్తున్నాను, నాకేం కాలేదు" అంటాడు. ఆ మాటలో గుండు బరువు లేదు, తుపాకి పేరు లేదు, ఒత్తిడి లెక్క లేదు. గుర్తుపెట్టుకోవడం ఎంత తేలికో చూడండి. ఆయన చేతికి వేళ్లన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టడం మర్యాద కాదు.

ఆయన పౌడరు పేరు "4198" అని చెబుతాడు. దుకాణానికి వెళ్తే రెండు డబ్బాలు కనిపిస్తాయి. ఒకదాని మీద ఐఎంఆర్ 4198, ఇంకోదాని మీద హెచ్ 4198. ఒకటి కెనడా సరుకు, రెండోది ఆస్ట్రేలియా సరుకు. మండే వేగం దగ్గరదగ్గరగా ఉంటుంది గానీ ఒకటి కాదు, ఒకదాని కొలత రెండోదానికి వాడకూడదు అంటారు చాదస్తులు. మీరు పట్టించుకోకండి. కె. లక్ష్మీనారాయణ ఇంటికి బయల్దేరి ఎం. లక్ష్మీనారాయణ ఇంట్లో భోంచేసి వస్తే కడుపు నిండదా ఏమిటి? ఏ డబ్బా చవకగా ఉంటే అది తెచ్చుకోండి. ఇంట్లో పాత డబ్బాలో అడుగున కాస్త మిగిలి ఉంటే రెండూ కలిపేయండి, అలమరలో చోటు కలిసొస్తుంది.

ఇక .45-70 తుపాకి ఉన్నవాళ్ల అదృష్టం గురించి కాస్త వివరంగా చెప్పాలి. అమెరికా సైన్యం 1873లో స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలుతో పాటు తెచ్చిన తూటా ఇది. పేరులో 45 అంటే గుండు లావు, సుమారు అంగుళంలో నూటికి 45 వంతులు. 70 అంటే పౌడరు, గ్రెయిన్లలో. చూశారా, పౌడరు కొలత తూటా పేరులోనే ఉంది, ఇంకా వెతకడం దేనికి! అది పాతకాలపు నల్ల తుపాకిమందు లెక్క, ఆ మందు కేసు నిండా పోసేవారు, ఇప్పటి పొగలేని పౌడరు అదే బరువు పోస్తే తుపాకీ ఉండదు, మీరూ ఉండరు అని గొణిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

పుస్తకాల వాళ్లు ఈ ఒక్క తూటాకి మూడు వేర్వేరు పట్టికలు వేస్తారు. మొదటిది 1873 నాటి స్ప్రింగ్‌ఫీల్డుకి. దాని వెనక భాగం కీలు మీద మూతలా పైకి లేస్తుంది. తూటా లోపల పెట్టి మూత దించి పేలుస్తారు. గురి చూసేటప్పుడు ఆ మూత మీ కంటికి జానెడు దూరంలో ఉంటుంది. రెండోది లీవరుతో నడిచే మార్లిన్ 1895 లాంటి వాటికి. మూడోది రూగర్ నంబర్ వన్ లాంటి గట్టి సింగిల్‌షాట్లకి. మూడింట్లోనూ తూటా ఒకటే, ఏ తుపాకిలోనైనా హాయిగా దూరుతుంది. మరి దూరినప్పుడు పేలదా? అందుకని మూడో పట్టిక చివరి వరస తీసుకుని తాతల నాటి తుపాకికి వాడండి. డబ్బులు పెట్టి కొన్న పుస్తకంలో చిన్న అంకెలు ఎంచుకోవడం పిసినారితనం.

ఒత్తిడి ఎక్కువైతే ప్రైమరు చదునై ముందే చెబుతుందిలెండి అనే ధైర్యం కూడా మంచిదే. .45-70కి అమెరికా తుపాకుల, తూటాల తయారీదారుల సంస్థ పెట్టిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 28,000 పౌండ్లు. అవే పెద్ద రైఫిల్ ప్రైమర్లు .30-06లో 60,000 పౌండ్ల దగ్గర పనిచేస్తుంటాయి. అంటే మీ పాత తుపాకి హద్దు దాటి చాలా దూరం వెళ్లాక గానీ ప్రైమరు నోరు విప్పదు. అప్పటిదాకా ప్రశాంతంగా ఉండండి.

పాత పుస్తకాల్లో ఒత్తిడిని సి.యు.పి. అని వేసేవారు. చిన్న రాగి ముక్క ఎంత నలిగిందో కొలిచి చెప్పే లెక్క అది. .308 విన్చెస్టరుకి ఆ పద్ధతిలో 52,000, ఇప్పటి పి.ఎస్.ఐ.లో, అంటే చదరపు అంగుళానికి పౌండ్లలో, 62,000. రెండూ ఒకే హద్దు, కొలబద్ద వేరు. మీరు మాత్రం పాత లోడ్ల ముందు 52,000 చూసి, కొత్త హద్దు 62,000 చూసి, ఇంకా పదివేలు ఖాళీ ఉంది అనుకోండి.

సీసం సంగతి. పుస్తకంలో లైమన్ నంబర్ 2 అంటే నూటికి 90 పాళ్లు సీసం, 5 తగరం, 5 యాంటిమొనీ. మీ గిన్నెలో టైరు షాపు బరువులున్నాయి, పాత పైపులున్నాయి, ఎవరో ఇచ్చిన చేపల వల గుళ్లున్నాయి. బూడిద రంగులో ఉన్నవన్నీ సీసమే. కొన్ని జింకువి కావచ్చు, సీసం 327 డిగ్రీల దగ్గర కరిగితే అది 419 దగ్గర కరుగుతుంది. తేలుతున్న వాటిని గరిటెతో తీసేయకండి, మంట పెంచండి. పోశాక గుండు తూకం వేయొద్దు. అచ్చు పెట్టె మీద రాసిన బరువుకి మించి వచ్చిందని తెలిస్తే అనవసరంగా పట్టిక మళ్లీ వెతుక్కోవాలి.

బ్యారెల్లోకి మెత్తటి సీసం ముక్క కొట్టి, బయటికొచ్చాక మైక్రోమీటరుతో కొలిచి, దానికంటే అంగుళంలో వెయ్యో వంతో రెండో లావుగా గుండు ఉండేట్టు చూసుకునేవాళ్లుంటారు. గుండు సన్నమైతే వేడి గ్యాసు పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కోసి గాడుల్లో పూస్తుందట. మీకూ అలా పూస్తే కొలతలు తీయడం మానేసి, పౌడరు పెంచండి. ఇంకాస్త పూస్తే ఇంకాస్త పెంచండి.

తేలికపాటి లోడ్ల వాళ్లకి ఒక మాట. పిస్టళ్లకీ షాట్‌గన్లకీ వాడే త్వరగా మండే పౌడరు చిటికెడు పోస్తే చాలు, సీసం గుండు మెత్తగా వెళ్తుంది. అంత పెద్ద కేసులో ఆ చిటికెడు అడుగునెక్కడో ఉంటుంది. రెండుసార్లు పోసినా పొంగదు, మూడోసారీ చోటుంటుంది. అందుకే కొందరు కేసులన్నీ చిల్లుల చెక్కలో నిలబెట్టి, గుండు పెట్టే ముందు టార్చి వేసి ఒక్కోదాంట్లోకి తొంగి చూస్తారు. మీరు క్రికెట్ చూస్తూ పోయండి. వికెట్ పడ్డప్పుడు ఎక్కడిదాకా వచ్చామో మర్చిపోతే, అనుమానం ఉన్న కేసులో ఇంకోసారి పోసేయండి, ఖాళీగా వదిలేయడం కంటే నయం. ఎలక్ట్రానిక్ కాటాకి గ్రాములకీ గ్రెయిన్లకీ మార్చే మీట ఒకటుంటుంది. గ్రాముకి పదిహేను గ్రెయిన్ల పైచిలుకు. అది ఎటు ఉందో చూడటం మీ పిల్లల పని.

పెట్టె మీద లేబులు అంటించకండి. ఏ పౌడరు, ఎంత, ఏ గుండు, ఏ తేదీ అని రాసిపెట్టుకునేవాళ్లకి జ్ఞాపకశక్తి మొద్దుబారిపోతుంది.

అంతా అయ్యాక, మొదటి గుండు మీరే పేల్చేయడం స్వార్థం. సెలవులకి వచ్చిన బావమరిదికి ఆ గౌరవం ఇచ్చి, కారులో కళ్లజోడు మర్చిపోయానంటూ అటు నడవండి. అతను పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి, "బావా, ఇందులో ఏ పౌడరు పోశావు?" అని కేకేస్తే, మంచి పౌడరే అని చెప్పండి.