తాతగారి నెట్ ఉపవాసం

"ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టరా" అని మనవణ్ణి గదిమే కోనసీమ తాతగారు, అప్పటికే నలభై మందికి తామరపువ్వు శుభోదయాలు పంపేసి ఉంటారండి, ఆయ్! అదేంటంటే, అది ఫోన్ చూడటం కాదట, పలకరింపట.

ఎవరి యావ ఎంతో 2022లో తేలిపోయింది. కోనసీమ జిల్లా పేరు మార్పు గొడవ మే 24న అమలాపురంలో ఇళ్లకి నిప్పు పెట్టేదాకా వెళ్లింది. పుకార్లు పాకకుండా సర్కారు మొబైల్ ఇంటర్నెట్ ఆపేసింది. ఒకటీ రెండూ కాదు, రోజుల తరబడి. ఇళ్లు తగలబడటం నవ్వే సంగతి కాదు. నెట్ పోయాక అరుగుల మీద జరిగిన భాగోతం మాత్రం నవ్వే సంగతే.

ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్లు లాప్‌టాప్ చంకన పెట్టుకుని సిగ్నల్ ఉన్న ఊరు వెతుక్కుంటూ పోయారు. వాళ్లది పొట్టకూటి బాధ, సరే. మరి తాతగారిది? "మా రోజుల్లో ఇవేవీ లేవు, హాయిగా బతికాం" అన్న మనిషి మూడో రోజుకి ఫోన్ ఎత్తి పట్టుకుని కొబ్బరిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు! ఏమైందంటే, "ప్రవచనం సగంలో ఆగిపోయిందిరా" అని నిట్టూర్పు.

ఇప్పుడు మళ్లీ మామూలే. కనుమనాడు గంగలకుర్రు ఊరి దేవుడి ప్రభ జనం భుజాల మీద కౌశిక నది దాటుతుంటే, దణ్ణం పెట్టాల్సిన కుర్రాళ్లు రీల్స్ తీస్తున్నారని ఆయన కోపం. ఎలా తెలిసిందంటారా? వీధరుగు మీద కూర్చుని లైవ్‌లో చూశార్లెండి.